కౌంట్ పడిపోయిన రోజుల్లో బిడ్డకి కడుపునొప్పి వస్తే ఏం చేయాలి

మావాడికి అప్పుడు ఆరేళ్లు. లుకేమియాకి, అంటే రక్త క్యాన్సర్‌కి, కీమో మొదలుపెట్టి 12వ రోజు. కౌంట్, అంటే రక్తంలో తెల్లకణాల సంఖ్య, బాగా పడిపోయే రోజులవి. రాత్రి తొమ్మిదింటికి చూస్తే కుడి మోకాలు పొట్టలోకి ముడుచుకుని, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "ఏమైందిరా?" అంటే "ఏం లేదు నాన్నా" అన్నాడు. ఒంటిమీద చెయ్యేస్తే చల్లగానే ఉంది. రెండు రోజులుగా మోషన్ లేదు. విన్‌క్రిస్టిన్ అనే కీమో ఇంజెక్షన్‌కి మలబద్ధకం వస్తుందని ముందే చెప్పారు కదా, అదేలే, పొద్దున చూద్దాం అనుకుని పడుకున్నాను. తెల్లారేసరికి పొట్ట డోలులా బిగుసుకుపోయింది.

అది మలబద్ధకం కాదు. పేగు గోడ వాచిపోయింది. వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు కానీ, ఆ రాత్రి నేను పోగొట్టుకున్న తొమ్మిది గంటలు ఇంకెవరూ పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మీ ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కాగితంలో ఏదైనా ఇక్కడ రాసినదానికి భిన్నంగా ఉంటే కాగితాన్నే నమ్మండి.

ముందు జబ్బు సంగతి

దీని పూర్తి పేరు న్యూట్రోపెనిక్ ఎంటెరోకొలైటిస్. వార్డులో టిఫ్లైటిస్ అనే మాట కూడా వినిపిస్తుంది. చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసేచోట, పొట్టకి కుడివైపు కింద, ఒక సంచిలాంటి భాగం ఉంటుంది. ఒక చివర దారి మూసుకుపోయి ఉంటుంది కాబట్టి దాన్ని అంధనాళం అంటారు. గ్రీకులో టిఫ్లోస్ అన్నా గుడ్డి అనే అర్థం, జబ్బు పేరు అక్కడినుంచే వచ్చింది. లుకేమియా ఉన్న పిల్లల్లో ఈ జబ్బుని వర్ణిస్తూ ఆ పేరుతో వైద్య పత్రిక వ్యాసం 1970లో వచ్చింది.

జరిగేది ఇది. కీమో మందులు త్వరత్వరగా పుట్టే కణాలని దెబ్బతీస్తాయి. క్యాన్సర్ కణాలతోపాటు పేగు లోపలి పొర కూడా అలాంటిదే, కొద్ది రోజులకొకసారి కొత్తదవుతూ ఉంటుంది. ఆ పొర అక్కడక్కడా పుండుపడుతుంది. మామూలు రోజుల్లో అయితే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు కాపలా కాస్తాయి. కీమో తర్వాత ఆ కాపలా కూడా ఉండదు. పేగులో ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియా పుండుల గుండా గోడలోకి, అక్కడినుంచి రక్తంలోకి వెళ్లే వీలుంటుంది. గోడ వాస్తుంది, ఒక్కోసారి రక్తం కారుతుంది, ముదిరితే చిల్లు పడవచ్చు. అంధనాళం దగ్గరే ఎక్కువగా ఎందుకంటే అది బాగా వెడల్పుగా సాగే భాగం, రక్త సరఫరా కూడా అక్కడ కాస్త తక్కువ. పక్కనున్న చిన్నపేగు చివరకి, పెద్దపేగులోని మిగతా భాగాలకి కూడా పాకవచ్చు.

అరుదైన సమస్యే. లుకేమియాకి, లింఫోమాకి (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) గట్టి కీమో తీసుకుంటున్న పిల్లల్లో, ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవాళ్లలో వస్తుంది. తొందరగా పట్టుకుంటే చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. అందుకే ఇందులో తల్లిదండ్రుల పని పెద్దది. మొదటి గంటల్లో బిడ్డ పక్కన ఉండేది మనమే.

క్యాలెండర్‌లో కౌంట్ తక్కువ రోజులు గుర్తు పెట్టుకోండి

చాలా కీమోల తర్వాత తెల్లకణాలు 7 నుంచి 14 రోజుల మధ్య బాగా అడుక్కి వెళ్తాయి. మందుని బట్టి ఇది మారుతుంది, కాబట్టి ప్రతి సైకిల్ (కీమో విడత) మొదట్లోనే "ఈసారి కౌంట్ ఎప్పుడు పడిపోవచ్చు, ఎన్ని రోజులు అలా ఉండవచ్చు?" అని అడిగి ఆ రోజులకి రంగు వేసుకోండి. ఆ రంగు రోజుల్లో కడుపునొప్పికి నియమాలు వేరు.

సీబీసీ, అంటే రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష, రిపోర్టులో మీరు చూడాల్సిన అంకె ఏఎన్‌సీ, అంటే న్యూట్రోఫిల్స్ సంఖ్య. రిపోర్టులో విడిగా ఇవ్వకపోతే మీరే లెక్కవేసుకోవచ్చు. మొత్తం తెల్లకణాలని న్యూట్రోఫిల్స్ శాతంతో గుణించి 100తో భాగించాలి. తెల్లకణాలు 1,200, న్యూట్రోఫిల్స్ 25 శాతం అనుకోండి, ఏఎన్‌సీ 300. బ్యాండ్స్ (ఇంకా పూర్తిగా ఎదగని న్యూట్రోఫిల్స్) అని వేరే శాతం ఉంటే దాన్నీ న్యూట్రోఫిల్స్‌తో కలపాలి. 500 కన్నా తక్కువంటే బాగా తక్కువ అని అర్థం. కొన్ని ల్యాబులు 1,200ని 1.2 అని వేస్తాయి. మొదటిసారి అది చూసి నాకు చెమటలు పట్టాయి. కంగారు పడకుండా పక్కన యూనిట్ చూడండి.

ఆ రోజులు రాకముందే ఒక సంచి సర్దుకోండి: డిజిటల్ థర్మామీటర్, ఫైలు, మందుల చీటీ, ఫోన్ ఛార్జర్, ఒక జత బట్టలు. ఆసుపత్రి రాత్రి నంబరు ఇంట్లో పెద్దవాళ్లందరి ఫోన్లలోనూ ఉండాలి. ఆ రాత్రి మా ఇంట్లో అది నా ఒక్కడి ఫోన్‌లోనే ఉంది.

నొప్పిని అడగడం కన్నా చూడటం ముఖ్యం

పుస్తకాల్లో మూడు లక్షణాలు చెబుతారు: కౌంట్ తక్కువగా ఉండటం, జ్వరం, పొట్టకి కుడివైపు కింద నొప్పి. వీటితో వాంతులు, నీళ్ల విరేచనాలు, విరేచనంలో రక్తం, పొట్ట ఉబ్బడం ఉండవచ్చు. కానీ అన్నీ ఒకేసారి వస్తాయని కూర్చోకండి. కొందరికి నొప్పి పొట్టంతా ఉంటుంది. కొందరికి మొదటిరోజు నొప్పి తప్ప ఏమీ ఉండదు.

ముఖ్యంగా స్టెరాయిడ్ వాడుతున్న పిల్లల విషయంలో మోసపోతాం. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం లుకేమియాకి మొదటి విడత చికిత్సలో ప్రెడ్నిసొలోన్ గానీ డెక్సామెథసోన్ గానీ రోజూ వేస్తారు. అది జ్వరాన్ని కప్పేస్తుంది, పొట్ట గట్టిపడటాన్నీ కప్పేస్తుంది. లోపల పేగు వాచిపోతున్నా బయటికి బిడ్డ కొద్దిగా నలతగా కనిపిస్తాడు, అంతే. నేను ఆ రాత్రి "జ్వరం లేదు కదా" అనుకున్నాను చూడండి, తప్పు అక్కడే జరిగింది.

పిల్లలు నొప్పిని దాస్తారు కూడా. చెబితే సూది, చెబితే మళ్లీ ఆసుపత్రి అని వాళ్లకి తెలుసు. కాబట్టి "నొప్పిగా ఉందా?" అని అడిగి ఊరుకోకండి. లేచి నడవమనండి. కుడివైపుకి వంగి, చెయ్యి పొట్టమీద పెట్టుకుని నడుస్తున్నాడా? మంచం దిగేటప్పుడు ఆగి ఆగి దిగుతోందా? ఒకసారి చిన్నగా గెంతమంటే ఒప్పుకోవడం లేదా? నవ్వినా దగ్గినా మొహం ముడుచుకుంటోందా? స్టెరాయిడ్‌తో ఆకలి ఆకలి అని వెంటపడే బిడ్డ ఉన్నట్టుండి తిండి వద్దంటే అది నాకు జ్వరం కన్నా పెద్ద గుర్తు.

పొట్ట ఉబ్బుతోందేమో తెలుసుకోవడానికి వార్డులో ఒక నర్సమ్మ చూపించిన పద్ధతి బాగుంటుంది. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు మీదుగా టేపు చుట్టి, టేపు పోయేచోట రెండు పక్కలా పెన్నుతో చిన్న గీత పెట్టింది. ప్రతిసారీ అవే గీతల మీద కొలవాలి, ఊపిరి వదిలాక కొలవాలి. కంటికి తేడా తెలియకముందే టేపు చెప్పేస్తుంది. ఇంట్లో ఇది చేయవచ్చు గానీ కొలతలు తీసుకుంటూ కాలం గడపడానికి కాదు. కొలత పెరిగినా పెరగకపోయినా నొప్పి ఉందంటే ఫోన్ చేయాల్సిందే.

ఇక మలబద్ధకమా, ఇదా అని ఇంట్లో తేల్చలేమా అంటే, తేల్చలేం. విన్‌క్రిస్టిన్ పేగు కదలికని నిజంగానే మందగింపజేస్తుంది. ఆస్పరాజినేస్ అనే కీమో మందు వల్ల క్లోమం వాచి బొడ్డుకి పైన, వీపులోకి పొడుచుకుపోయే నొప్పి రావచ్చు, అదీ అత్యవసరమే. అపెండిక్స్ వాపు కూడా అదే కుడివైపు వస్తుంది. వీటిని విడదీయడానికి స్కానింగ్, రక్తపరీక్షలు కావాలి. కౌంట్ తక్కువ రోజుల్లో కడుపునొప్పికి ఇంట్లో పేరు పెట్టకండి.

ఇంట్లో చేయకూడనివి

ఎనీమా ఇవ్వొద్దు, మలద్వారంలో పెట్టే సపోజిటరీ వద్దు, థర్మామీటర్ కూడా అక్కడ పెట్టొద్దు. చిన్న గీరుకుపోయినా బ్యాక్టీరియాకి దారి ఇచ్చినట్టే. పొట్ట నొక్కి చూడటం, రుద్దడం, విరేచనాల మందు వేయడం, విరేచనాలు ఆపే లోపెరమైడ్ లాంటి బిళ్ల వేయడం, ఇవన్నీ డాక్టర్ చెబితే తప్ప వద్దు.

పారాసిటమాల్ విషయంలో చాలామంది పొరబడతారు. అది చెడ్డ మందు అని కాదు. జ్వరం చూడకుండా వేస్తే జ్వరం దాగిపోతుంది, మనం నిశ్చింతగా నిద్రపోతాం. ముందు థర్మామీటర్, తర్వాత ఫోన్, వాళ్లు వేయమంటేనే మందు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ మాత్రం అడగకుండా అసలు వద్దు, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న బిడ్డకి రక్తస్రావం పెరగవచ్చు.

జ్వరానికి మీ ఆసుపత్రి చెప్పిన అంకె ఒకటి ఉంటుంది. చాలాచోట్ల 38 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కడో గీత గీస్తారు, అంటే ఫారన్‌హీట్‌లో 100.4 నుంచి 101.3. చంకలో కొలిస్తే లోపలి వేడికన్నా తక్కువ చూపవచ్చని గుర్తుంచుకోండి. గీతకి కొంచెం కింద ఉండి బిడ్డ బాగోలేకపోయినా ఫోన్ చేయండి.

ఫోన్‌లో ఎలా చెప్పాలి

రాత్రి డ్యూటీలో ఎత్తే డాక్టర్‌కి మీ బిడ్డ తెలియకపోవచ్చు. "కడుపునొప్పి అంటున్నాడండీ" అని మొదలుపెడితే అవతల ఒక మామూలు కడుపునొప్పి వినిపిస్తుంది. నేను తర్వాత తర్వాత ఇలా చెప్పడం నేర్చుకున్నాను:

"మా బాబుకి ఆరేళ్లు, లుకేమియా, కీమో మొదలై ఇవాళ్టికి 12 రోజులు. మొన్నటి ఏఎన్‌సీ 200. డెక్సామెథసోన్ వేస్తున్నాం. సాయంత్రం ఆరు నుంచి పొట్ట కుడివైపు నొప్పి, తగ్గడం లేదు. ఒంటి వేడి 37.6. రెండు రోజులుగా మోషన్ లేదు, ఒక వాంతి అయింది. పోర్ట్ (మందులు ఎక్కించడానికి చర్మం కింద అమర్చిన పరికరం) ఉంది. బయలుదేరుతున్నాం, టిఫ్లైటిస్ కాదని చూడాలి."

ఆ చివరి మాట చెప్పడానికి మొహమాటపడకండి. డాక్టర్‌కి పాఠం చెప్పినట్టు ఉంటుందేమోనని నాకూ అనిపించేది. ఎవరూ ఏమీ అనుకోలేదు. పైగా బయలుదేరాలా అని అడగకుండా, బయలుదేరుతున్నాం అని చెప్పడం మేలు. వద్దనాలంటే వాళ్లు కారణం చెబుతారు. దారిలో తినడానికి ఏమీ పెట్టకండి, తాగడానికి ఇవ్వొచ్చా అని అదే ఫోన్‌లో అడిగేయండి.

చేతులు కాళ్లు చల్లబడటం, మగతగా ఉండటం, ఊపిరి వేగంగా తీయడం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, పొట్ట చెక్కలా గట్టిపడటం, విరేచనంలో బాగా రక్తం, వీటిలో ఏది కనిపించినా ఫోన్ సంభాషణ పొడిగించొద్దు, అంబులెన్స్ పిలవండి. పిల్లల్లో బీపీ చివర్లో పడిపోతుంది. బీపీ బాగానే ఉంది అన్నంత మాత్రాన బిడ్డ బాగున్నట్టు కాదు.

ఆసుపత్రిలో మొదటి గంట

లోపలికి అడుగుపెట్టగానే "కీమో బిడ్డ, కౌంట్ తక్కువ" అని చెప్పండి. వరసలో కూర్చోబెడితే మళ్లీ చెప్పండి. జలుబు, దగ్గు ఉన్నవాళ్ల మధ్య ఆ బిడ్డ కూర్చోకూడదు. జ్వరంతో వచ్చిన కౌంట్ తక్కువ బిడ్డకి మొదటి యాంటీబయాటిక్ గంటలోపు ఎక్కాలన్నది చాలాచోట్ల పెట్టుకునే లక్ష్యం. వచ్చిన టైము ఫోన్‌లో రాసుకుని, అరగంట దాటాక మర్యాదగా అడగండి: "యాంటీబయాటిక్ ఎప్పుడు పెడుతున్నారండీ?" స్కానింగ్ అయ్యాక పెడతాం అంటే, ముందే పెట్టవచ్చేమో అడగండి.

రక్తం తీసి సీబీసీ, కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష), లవణాలు చూస్తారు. మలం నమూనా కూడా అడగవచ్చు. తర్వాత అల్ట్రాసౌండ్. పేగు గోడ మందం 3 మిల్లీమీటర్లు దాటితే వాపు కింద లెక్కవేస్తారు. మందం 10 మిల్లీమీటర్లు దాటితే జబ్బు తీవ్రంగా ఉందని మరింత జాగ్రత్తపడతారు. అల్ట్రాసౌండ్‌లో సరిగ్గా కనిపించకపోతే సీటీ తీస్తారు. రిపోర్టులో న్యుమటోసిస్ అనే మాట ఉంటే పేగు గోడలోపల గాలి బుడగలు ఉన్నాయని. గుండె గుభేల్మంటుంది గానీ, అది కనిపించిన ప్రతి బిడ్డకీ ఆపరేషన్ అవసరం పడదు. గాలి పేగు దాటి పొట్ట కుహరంలోకి వచ్చిందంటే మాత్రం చిల్లు పడిందేమోనని పరుగులు పెడతారు. రిపోర్టు చదివి మీరే తీర్పు చెప్పుకోకుండా "గాలి గోడలో ఉందా, బయట ఉందా?" అని ఒక్క ప్రశ్న అడగండి.

సర్జన్ వచ్చి పొట్ట చూసి వెళ్తారు. రోజుకి రెండు మూడుసార్లు కూడా రావచ్చు. ఆయన రాగానే ఆపరేషనే అని టెన్షన్ పడ్డాం మేము. మార్పు వెంటనే పట్టుకోవాలంటే ఒకే చెయ్యి మళ్లీ మళ్లీ చూడాలి, అందుకే వస్తారు. చిల్లు పడినా, ప్లేట్‌లెట్లు ఎక్కించినా రక్తం ఆగకపోయినా, మందులన్నీ వాడుతున్నా బిడ్డ దిగజారుతున్నా అప్పుడు ఆపరేషన్ మాట వస్తుంది.

నోటికి ఏమీ ఇవ్వని రోజులు

చికిత్సలో చెప్పడానికి చాలా తేలికగా, చేయడానికి చాలా కష్టంగా ఉండేది ఇదే. పేగుకి విశ్రాంతి ఇవ్వాలి. సెలైన్, యాంటీబయాటిక్స్, అవసరమైతే రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు. పొట్ట బాగా ఉబ్బితే ముక్కులోంచి గొట్టం వేసి లోపలిదంతా బయటికి తీస్తారు. కొందరికి కౌంట్ పెరగడానికి ఇంజెక్షన్ ఇస్తారు. రోజులు గడిచేకొద్దీ పోషకాలు కూడా నరంలోంచే ఇస్తారు. నోటికి మాత్రం ఏమీ ఉండదు.

మావాడికి నొప్పి కొద్దిగా తగ్గగానే స్టెరాయిడ్ ఆకలి తిరిగొచ్చింది. రాత్రి మూడింటికి లేచి కూర్చుని, గుసగుసగా, "ఒక్క బిస్కెట్, నాన్నా. ఎవరికీ చెప్పను" అన్నాడు. ఆ గొంతు ముందు నిలబడటం చాలా కష్టం. అప్పుడు పనికొచ్చినవి చెబుతాను. గదిలో తిండి కనిపించకూడదు, వాసన కూడా రాకూడదు. మీరు తినేది బయటికెళ్లి తినండి, నోరు కడుక్కుని రండి. చూడటానికి వచ్చేవాళ్లకి ముందే చెప్పండి, ఏదో ఒకటి చేతిలో పెట్టే చుట్టం తప్పకుండా ఒకరుంటారు. పెదాలు తడిపే స్పాంజి పుల్ల ఇమ్మని నర్సుని అడగండి, నోటి పుండ్లకి ఇచ్చిన పుక్కిలింత మానొద్దు. ఫోన్‌లో వంటల వీడియోలు రాకుండా చూసుకోండి, ఇది నవ్వులాటకి చెప్పడం లేదు. "రేపు ఇస్తాం" అని అబద్ధం ఆడొద్దు. "కడుపులో పుండు మానాక డాక్టర్ చెబుతారు, చెప్పిన నిమిషంలో ఇస్తాను" అనండి.

నొప్పికి మార్ఫిన్ లాంటివి ఇస్తామంటే భయపడి వద్దనకండి. అది పేగుని మందగింపజేస్తుంది కాబట్టి డోసు చూసి ఇస్తారు, పొట్టని పరీక్షిస్తూనే ఉంటారు.

ప్రతి షిఫ్టు మారినప్పుడు మూడు విషయాలు కొత్త నర్సుకి మీరే చెప్పండి: పొట్ట కొలత ఎంత ఉంది, ఆఖరి మోషన్ ఎప్పుడు, ఎలా ఉంది, నొప్పి నిన్నటికన్నా పెరిగిందా తగ్గిందా. ఒకవేళ ఉన్నట్టుండి నొప్పి మాయమై బిడ్డ నీరసంగా, బూడిదరంగులో కనిపిస్తే సంతోషపడకుండా వెంటనే పిలవండి.

తిండి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు

కౌంట్ పెరగడం మొదలైతే పేగు కూడా కోలుకుంటుంది. నొప్పి పోయి, ఉబ్బరం దిగి, స్కానింగ్‌లో వాపు తగ్గుతుంటే చెంచాలతో నీళ్లు మొదలుపెడతారు. తర్వాత పలుచని ద్రవాలు, తర్వాత పీచు తక్కువగా ఉన్న మెత్తటి తిండి. ప్రతి మెట్టుకీ మధ్య కనీసం కొన్ని గంటలు, ఒక్కోసారి ఒక రోజు. మెట్టు ఎక్కాక నొప్పో వాంతో వస్తే ఒక మెట్టు దిగుతారు. అలా దిగాల్సి వస్తే జబ్బు తిరగబెట్టిందని హడలిపోకండి, మేము రెండుసార్లు దిగాం.

ఇంటికి పంపేముందు అడగాల్సినవి: యాంటీబయాటిక్ ఇంకా ఎన్ని రోజులు, తిండిలో ఏవి ఎప్పటిదాకా వద్దు, మళ్లీ స్కానింగ్ ఎప్పుడు, తర్వాతి కీమో ఎంత వెనక్కి జరుగుతుంది, మందుల మోతాదు మారుతుందా. కీమో ఆలస్యమైతే అసలు జబ్బు పెరుగుతుందేమోనని లోపల పీకుతూ ఉంటుంది. ఆ మాట కూడా బయటికి అడిగేయండి. మానని పేగు మీద కీమో ఇవ్వడం, కొన్నాళ్లు ఆపడం, రెండింటి బరువూ వాళ్లు తూచి చెబుతారు.

ఒకసారి వచ్చిన బిడ్డకి తర్వాతి సైకిళ్లలో మళ్లీ రావచ్చు. అందుకని ఫైలు మొదటి పేజీ మీద, బ్లడ్ గ్రూప్ కింద, ఎర్ర పెన్నుతో రాయండి: టిఫ్లైటిస్ వచ్చింది, ఫలానా తేదీ, కీమో ఎన్నో రోజు, గోడ మందం ఎంత, ఏ మందులతో తగ్గింది, ఆపరేషన్ అయిందా లేదా. మావాడి ఫైలు మీద దాని కింద వాడే ఇంకో లైను రాసుకున్నాడు, వంకర అక్షరాలతో: "నొప్పి వస్తే నాన్నకి చెప్పాలి."